అత్తమ్మ ఎంచిన మానిటర్

మొన్న మా దగ్గర డిజైన్లు గీసే అమ్మాయి ఫోన్ చేసింది. ఇంట్లో పనిచేసుకోవడానికి మానిటర్ కొంటోందట. ఆన్‌లైన్‌లో ఏదో తగ్గింపు నడుస్తోంది, సాయంత్రానికి అయిపోతుంది. ఫోర్‌కే అంది, వంపు తిరిగిన తెర అంది, ఇంకేవో అంకెలు గడగడా చదివింది. కొనెయ్యనా వద్దా చెప్పమంది.

"తొందరేమున్నది? దుకాణం నడిచిపోతదా?" అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆ మాట నాది కాదు, మా మేనత్తది. ఏ దుకాణంలో అడుగుపెట్టినా మొదట అదే అనేది. ఆమె పోయిన చలికాలంలో కాలం చేసింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు పని ముట్టుకోలేదు.

మా ఇల్లు కార్వాన్‌లో. మదీనా చౌరస్తా దగ్గర మాకో లేసుల దుకాణం ఉంది. చీర అంచులు, జరీ లేసులు టోకున అమ్ముతాం. తాత పెట్టిన దుకాణం అది. ముందు భాగంలో గల్లాపెట్టె దగ్గర మా నాన్న కూర్చుంటాడు. వెనక గదిలో, ఒక పరదాకి అవతల, నాన్నకి అక్క అయిన మా అత్తమ్మ కూర్చునేది. పెళ్లయిన కొన్నాళ్లకే ఆమె పుట్టింటికి తిరిగొచ్చేసిందని తెలుసు. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. వచ్చిన మర్నాడే దుకాణానికి వెళ్లి ఆ వెనక గదిలో కూర్చుందట. ఇక అక్కడే.

ఆమె పని, వచ్చిన ప్రతి లేసు చుట్టనూ విప్పి చూడడం. ఎక్కడ పోగు తెగింది, ఎక్కడ రంగు మారింది, ఎక్కడ పువ్వు వంకరపోయింది. ట్యూబ్‌లైటు వెలుతురులో చూడమంటే ససేమిరా ఒప్పుకునేది కాదు. "ట్యూబ్‌లైటు అబద్ధం చెప్తది" అని చుట్ట పట్టుకుని వెనక గుమ్మం దగ్గరికి, ఎండ పడే చోటికి పోయేది. ముక్కు మీద ఒక కళ్లజోడు, మెడలో తాడుకి ఇంకొకటి. దూరానిది తీసి దగ్గరిది పెట్టుకునేది, మళ్లీ మార్చేది. అరచేతులు మొరటుగా అయిపోయాయని గుడ్డను చేతి వెనకవైపుతో తడిమేది. తప్పు దొరికిన చోట ఒక ఎర్ర దారం ముడి వేసేది.

ఆ ఎర్ర ముడుల మీదే అక్కాతమ్ముళ్లకి లొల్లి.

"చిన్న ముక్క అక్కా. కుచ్చిళ్లల పోతది. ఎవ్వలు చూస్తరు?" అనేవాడు నాన్న.

"నేను చూసిన గద" అనేది అత్తమ్మ.

అంతే. ముడి ఉన్న చుట్టని, ముడి చూపించి, ధర తగ్గించి అమ్మాల్సిందే.

బాగుంది అనే మాట ఆమె నోట ఎప్పుడూ వినలేదు. మరీ నచ్చితే "ఉండనీ" అనేది. వంట బాగుంటే ఉండనీ, ఇంట్లో ఎవరైనా కొన్న నగ బాగుంటే ఉండనీ. టీవీలో సీరియల్ నడుస్తుంటే కథ ఆమెకి పట్టేది కాదు. ఎవరు ఎవరికి విషం పెట్టారో తెలియదు గానీ, "ఆ కోడలి చీరకు అంచు ఉల్టా కుట్టిన్రు" అని మాత్రం చెప్పేది. పెళ్లిళ్లలో ఇంకా కష్టం. పక్కన కూర్చున్నావిడ కొంగు పట్టుకుని తిరగేసి, లోపలివైపు నేత చూసేది. ఆ పరాయి ఆడవాళ్లు ముందు బిత్తరపోయేవాళ్లు. తర్వాత వాళ్లే ఇంకో చీర తెచ్చి చూపించేవాళ్లు.

నేను డిజైన్ కోర్సు చదివి, దుకాణంలో కూర్చోనని చెప్పి, ఇంట్లో పై గదిలో లాప్‌టాప్ పెట్టుకున్నాను. గుడ్డ మీద అచ్చువేసే అంచులు, కొంగులు గీసి ఇచ్చే పని. నాన్నకి ఇష్టం లేదు. వద్దనీ అనలేదు. మొదటి పెద్ద ఆర్డరు సైదాబాద్‌లో బొటీక్ నడిపే ఒకావిడ ఇచ్చింది. పండక్కి అమ్మే చీరలకి అంచు గీయమంది. రెండు సన్నని గీతలు పక్కపక్కనే నడుస్తూ, మధ్య మధ్య ఒక మొగ్గ. నాకు చాలా నచ్చిన డిజైన్. గీసిచ్చాను, ఆమె అచ్చువేయించింది.

ఒక పొద్దున ఆ చీరలు ఆటోలో వేసుకుని ఆమే మా ఇంటికొచ్చింది. కోప్పడలేదు. ఒక చీర విప్పి మంచం మీద పరిచింది. డిజైన్ ఒక ముక్క పూర్తయి మళ్లీ మొదలయ్యే ప్రతి అతుకు దగ్గరా ఆ రెండు గీతలూ వెంట్రుకవాసి పక్కకి జరిగాయి. చీర పొడుగునా అంచు విరిగి విరిగి ఉంది.

"నీ గీతలు నాకు నచ్చినయ్ గాబట్టే వచ్చిన. ఈసారి సరిగ్గ చేసియ్యి. పండగ ముందు కావాలె. లేకుంటే వేరేటోళ్లకిస్త" అని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం భోజనానికొచ్చిన నాన్న ఆ చీర చూశాడు. చేతిలోకి తీసుకుని, మడత పెట్టి, మంచం మీద పెట్టాడు.

"ఇగ చాలు బిడ్డా. ఆ పెట్టె మూసి దుకాణంల కూసో. రేపటిసంది రా" అన్నాడు. మెల్లగానే అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. తప్పు ఎక్కడ జరిగిందో నాకే అర్థం కాలేదు. ఎన్నోసార్లు చూసుకుని పంపిన డిజైన్ అది.

నాన్న వెళ్లాక అత్తమ్మ ఆ చీర తీసి కిటికీ దగ్గరికి పట్టుకెళ్లింది. అతుకు దగ్గర గోరు పెట్టి చూసింది. తర్వాత మెట్లెక్కి పై గదికి వచ్చింది. మోకాళ్ల నొప్పులతో ఆమె అంతకుముందెప్పుడూ ఆ మెట్లెక్కలేదు.

"గిది నీ పెట్టెల ఎట్ల కనబడ్డది? చూపియ్."

లాప్‌టాప్ తెరిచి అంచు చూపించాను. ఆమె కళ్లజోడు మార్చి వంగింది.

"నాకు గీడ ఒక్కటే గీత కనబడ్తున్నది. నీకు?"

నేనూ వంగి చూశాను. ఆ పాత తెర మీద రెండు గీతలూ కలిసిపోయి ఒకే ముదురు గీతలా ఉన్నాయి. అవి పక్కకి జరిగినా జరిగినట్టు తెలియదు. పెద్దది చేస్తే తెలుస్తుంది. కానీ పెద్దది చేస్తే ఒక్క మొగ్గే తెరంతా నిండిపోతుంది, అతుకు బయటికి పోతుంది. మొత్తం అంచూ, అందులోని సన్నని గీతా, రెండూ ఒకేసారి చూసే వీలు నాకు లేదు.

"నాక్కూడ ఒక్కటే కనబడ్తున్నది" అన్నాను.

"ఇంకేంది మరి? గుడ్డిదీపం ముంగట కూసోని పూసలు గుచ్చుతున్నవ్. ముందు గిది మార్చు. ఆనక మీ బాపుతోని నేను మాట్లాడ్త."

మర్నాడు దుకాణానికి పోకుండా, మానిటర్ కొనడానికి నాతో కోఠికి బయల్దేరింది. లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని రమ్మంది. "గుడ్డ కొనేటప్పుడు కుట్టియ్యాల్సిన జాకెట్ తీస్కపోమా?" అని ఆమె లెక్క.

కంప్యూటర్ల దుకాణంలో ఉన్నాయన మధ్యవయసువాడు. అత్తమ్మ కూర్చుంది, మంచినీళ్లు అడిగి తాగింది, ఆయన వాళ్లమ్మ బాగున్నదా అని ఉర్దూలో అడిగింది. ఆయనెవరో, వాళ్లమ్మ ఎవరో మాకు తెలియదు. "దువా హై ఖాలా", మీ దీవెన పిన్నీ, అని ఆయన నవ్వి, తల్లి మోకాళ్ల ఆపరేషన్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఇద్దరూ మోకాళ్ల గురించి మాట్లాడుకున్నారు. నేను తెరల వరస చూస్తూ నిలబడ్డాను. అన్నిటి మీదా ఒకే బొమ్మలు ఆడుతున్నాయి. జలపాతాలు, ఎర్రటి పండ్లు, రంగురంగుల చిలుక.

అత్తమ్మ లేచి వచ్చి నా పక్కన నిలబడింది.

"చిలుక మస్తున్నది. మనం చిలుకలమ్ముతమా? నీదెయ్యి."

ఆయన ఏమీ అనుకోలేదు. లాప్‌టాప్‌కి తీగ తగిలించి ఇచ్చాడు. ఒక్కో మానిటర్ మీదా మా విరిగిన అంచు వేసి చూడసాగాం.

అందరికంటే పెద్ద తెర అత్తమ్మకి నచ్చింది. "గిది తీస్కో. నాక్కూడ కనబడ్తది" అంది. నేను అంచుని కాస్త పెద్దది చేసి చూపించాను. మొగ్గ చుట్టూ ఉన్న వంపు మెట్లు మెట్లుగా విరిగింది.

"గిట్లెందుకైంది?"

"తెర పెద్దదే అత్తమ్మా, చుక్కలు తక్కువ. చిన్న తెర మీద ఉండాల్సినన్ని చుక్కలనే సాగదీసి పెద్దదానిమీద పరిచిన్రు."

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "అంటే పల్చటి నేత. గజానికి పోగులు తక్కువ."

"ఆఁ, గంతే."

"అయితే వద్దు."

రెజొల్యూషన్ గురించి నేను కోర్సులో పాఠం చదువుకున్నాను. అత్తమ్మ అన్న మాటకంటే తేలికగా నేను ఎవరికీ చెప్పలేను. ఇప్పుడు మా దగ్గరికి వచ్చే పిల్లలకి ఆ పోగుల మాటే చెప్తున్నాను.

తర్వాతది తళతళ మెరిసే తెర. అందులో వెనకనున్న గుమ్మం, రోడ్డు మీద పోయే బస్సులు, మేమిద్దరం, అన్నీ కనబడుతున్నాయి. అత్తమ్మ అందులో చూసుకుంటూ బొట్టు సరిచేసుకుంది. "అద్దమైతే ఇంట్ల ఉన్నది" అని ముందుకు కదిలింది.

నా కళ్లు మాత్రం ఒక వంపు తెర మీద ఉన్నాయి. చుట్టూ రంగు దీపాలు, చాలా వేగం, చాలా ధర.

"గిదేం చేస్తది?" అనడిగింది.

"ఆటలాడేటోళ్లకు అత్తమ్మా. బొమ్మ మస్తు జోరుగ ఉరుకుతది."

"నీ గీత ఉరుకుతదా?"

"ఉరకదు."

"మరి ఉరుకుడుకు మనమెందుకియ్యాలె పైసలు?"

దుకాణమాయన పక్కకి తిరిగి నవ్వుకున్నాడు. ఆయనే లోపలి వరసలోంచి ఇంకొకటి చూపించాడు. మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. మెరుపు లేని తెర, చదునుగా ఉంది. దాని మీద మా అంచు వేశాను. రెండు గీతలూ రెండుగా విడిపోయాయి. మధ్యలో ఉన్న సన్నని ఖాళీ కనబడింది. చివరన, అతుకు దగ్గర, గీతలు పక్కకి అడుగేసిన చోటు కూడా కనబడింది. అంచు మొత్తం కళ్లముందే ఉంది.

ఆ విరుపు నా చేతిలో లేదు, నా చూపులో లేదు. ఇదిగో, ఇక్కడ ఉంది, సరిచేయచ్చు. అత్తమ్మ తెర వైపు చూడడం మానేసి నా మొహం చూస్తోంది.

"గిదే గద?" అంది.

గిదే. కానీ మేం అనుకున్నదానికంటే ధర ఎక్కువ. ఆయన తనకి పడ్డ ధరా చెప్పాడు, తగ్గించలేనన్నాడు. అదే రకంది కిటికీలో నమూనాకి పెట్టింది ఒకటుంది, అదైతే బాగా తగ్గించి ఇస్తానన్నాడు.

"ఎప్పటిసంది కిటికీల నిలవడ్డది?" అని అడిగింది అత్తమ్మ. కిటికీలో నిలబెట్టిన చీర ఎండకి వెలిసిపోతుందని ఆమె భయం. దసరా ముందు పెట్టామని ఆయన చెప్పాడు. పరీక్ష చేసే పద్ధతి నాకు తెలుసు. తెరంతా తెల్లరంగు వేశాను, తర్వాత నల్లరంగు, తర్వాత ఎరుపు. అత్తమ్మ కళ్లజోడు మార్చుకుని, లేసు చుట్ట చూసినట్టే ఒక కొస నుంచి ఇంకో కొసకి, వరస తర్వాత వరస చూసుకుంటూ వచ్చింది. రంగు ఎక్కడా వెలవలేదు.

"గీడ ఒక పోగు తెగింది."

కుడివైపు కింది మూలలో వేలు పెట్టింది. మేమిద్దరం వంగాం. ఇసుకరేణువంత నల్ల చుక్క. తెలుపు మీదే కనబడుతుంది. ఆయన తన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. "నిజమే ఖాలా. నాకు తెల్వదు, అల్లా సాక్షి" అన్నాడు. ధర ఇంకా తగ్గించాడు, అడక్కుండానే.

"పాకుతదా గిది?" అని అత్తమ్మ నన్నడిగింది, ఆయన్నీ అడిగింది. మామూలుగా ఒక చుక్క పోతే అక్కడితో ఆగుతుందని నేను చెప్పాను. పాకితే తీసుకురమ్మని, మార్చిస్తానని ఆయన చెప్పాడు.

ఆమె ఇంకొంచెంసేపు ఆ మూల వైపు చూసి, "అంచుల ఉన్నది. కుచ్చిళ్లల పోతది" అంది.

నేను ఫక్కున నవ్వాను. నాన్న నోట ఆ మాట వస్తే మండిపడే మనిషి.

"ఏంది నవ్వుతవ్? తెలిసి కొంటున్నం గద. తెల్వకుంట అంటగడ్తేనే తప్పు."

ఆటోలో ఆ పెట్టె మా కాళ్ల ముందు నిలువుగా పెట్టుకున్నాం. ఆమె రెండు చేతులతో దాన్ని పట్టుకుని కూర్చుంది. గుంత వచ్చినప్పుడల్లా "ఆస్తె భాయ్, ఆస్తె" అని డ్రైవర్‌ని బతిమాలుతూ, బెదిరిస్తూ ఇంటిదాకా వచ్చింది. నాకు ఎక్కడైనా తగిలిందా అని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

అతుకులు సరిచేసి ఆ అంచు మళ్లీ గీశాను. సైదాబాద్ ఆవిడ కొత్తగా అచ్చువేసిన చీరని మా ఇంట్లోనే విప్పి, ఈ కొస నుంచి ఆ కొసదాకా వేలితో రాస్తూ చూసింది. తర్వాత తన చేతిసంచిలోంచి ఇంకో ఆర్డరు తీసింది. అత్తమ్మ నాన్నతో ఏం మాట్లాడిందో నాకు తెలియదు. ఆయన మళ్లీ దుకాణానికి రమ్మనలేదు.

వింత ఏమిటంటే, మానిటర్ వచ్చాక అత్తమ్మ మధ్యాహ్నాలు దుకాణం నుంచి తొందరగా వచ్చేసేది. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి, తిట్టుకుంటూ, పై గదికి చేరేది. నా వెనక కుర్చీలో కూర్చుని, చాయ్ సాసర్లో పోసుకుని తాగుతూ తెర చూసేది. తెర మీద వేలు మరక పడుతుందని చీపురుపుల్ల పట్టుకునేది. "జర పెద్దగ చెయ్" అనేది. "ఈ ఆకు పడుకున్నది, లేపు" అనేది. కొన్నిసార్లు నాకు విసుగొచ్చేది. ఆకు పడుకోవడమేమిటి? లేపి చూస్తే మాత్రం నిజంగానే అంచు ప్రాణం పోసుకునేది. అన్నిసార్లూ కాదు. ఆమెకి నీలాలు అంటే పడదు, ఎక్కడ నీలం వాడినా తీసెయ్యమనేది. అక్కడ మాత్రం నేను వినేదాన్ని కాదు.

ఒకరోజు చాటలో బియ్యం తెచ్చుకుని, ఏరుకుంటూ కూర్చుంది. నేను ఏదో గీస్తున్నాను. చాట మీద ఆమె వేళ్ల చప్పుడు ఆగిపోయింది.

"నేను చెప్త. నువ్వు గీస్తవా?" అంది.

అడిగిన తీరులో ఏదో తేడా ఉంది. నేను కుర్చీ తిప్పి ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడటం లేదు.

"చెప్పు అత్తమ్మా."

"వరుసగ బియ్యపు గింజలు పెట్టు. ఒకదాని కొస ఇంకోదాన్ని ముట్టొద్దు. తెల్లగ గాదు, పాల మీద మీగడ తీరు ఉండాలె."

పెట్టాను. రంగు కుదిరేదాకా చాలాసార్లు మార్పించింది. వరస తయారైంది. అందంగా ఉంది, కానీ మామూలుగా ఉంది.

"ఇగ ఒక గింజ తీసెయ్. ఆడ వడ్లగింజ పెట్టు. పొట్టు తియ్యనిది. పొట్టు మీద గీతలు గూడ కనబడాలె."

"ఎందుకు?"

"అన్ని ఒక్కతీరుంటే కన్ను నిద్రపోతది."

చాటలోంచి ఒక వడ్లగింజ ఏరి బల్ల మీద పెట్టింది. దాన్ని చూస్తూ గీశాను. ఆ తెర మీద కాబట్టి గీయగలిగాను. పొట్టు మీద సన్నని చారలు, కొసన ముల్లు. తెల్లని వరసలో ఒక్కటి బంగారు రంగుది, మళ్లీ తెల్లనివి, మళ్లీ ఎక్కడో ఒకటి. వెనక్కి జరిగి చూశాను.

"గిది ఎప్పటిసంది నీ మనసుల ఉన్నది?"

"నీకన్న పెద్దది" అంది.

"మరి బాపుకు ఎన్నడు చెప్పలేదేంది?"

ఆమె చాట అందుకుంది. "ఖరాబు ఏడున్నదో అడిగిన్రు, చెప్పిన. ఏం గియ్యాల్నో ఎవ్వలడిగిన్రు?"

కోపంగా అనలేదు. వాన వచ్చేలా ఉంది అన్నంత మామూలుగా అంది.

ఆ గింజల అంచుని తర్వాత లేసుగా నేయించి దుకాణంలో పెట్టాం. ఇప్పటికీ అడిగి తీసుకెళ్తారు. కానీ నాకు మరీ గుర్తుండేది అది మొదటిసారి నాన్న కంటపడ్డ మధ్యాహ్నం.

దుకాణం సెలవు. ఫోన్ చార్జర్ కోసం నాన్న పై గదికి వచ్చాడు. తెర మీద ఆ అంచు ఉంది. అత్తమ్మ వెనక కుర్చీలో సాసర్ పట్టుకుని కూర్చుంది. నాన్న చార్జర్ అందుకుని, వెళ్లబోయి, ఆగాడు. జేబులోంచి కళ్లజోడు తీశాడు.

"గిది ఏడి మాల్? సూరత్‌దా?"

"కాదు బాపు. మనింట్లదే."

"నువ్వు గీసినవా?"

"చెయ్యి నాది. చెప్పింది అత్తమ్మ."

నాన్న తెరకి దగ్గరగా వంగాడు. వడ్లగింజ దగ్గర ఆయన చూపు ఆగిపోయింది. తర్వాత మెల్లగా అక్క వైపు తిరిగాడు. ఇన్నేళ్లు ఒకే దుకాణంలో, ఒక పరదాకి అటూ ఇటూ కూర్చున్న మనుషులు వాళ్లు. ఆయన మొహంలో సిగ్గు లాంటిది కనబడింది, అంతకంటే ఎక్కువగా ఒక ఆత్రం. మంచి సరుకు చూసినప్పుడు వచ్చే ఆత్రం అది.

"అక్కా, గిదొక్కటేనా? ఇంక ఉన్నయా?"

అత్తమ్మ సాసర్లో చాయ్ పూర్తిగా తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఉన్నయ్."

"ఎట్లాంటియి?"

"నిలవడి అడిగితే ఎట్ల చెప్పాలె? కూసో."

నాన్న మూలనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చార్జర్ ఇంకా చేతిలోనే ఉంది. అత్తమ్మ నా భుజం మీద చీపురుపుల్లతో తట్టింది.

"బిడ్డా, కొత్త కాగితం తియ్."

తెర మీద తెల్లటి పేజీ తెరిచాను. గదిలో వెలుతురు పెరిగినట్టయింది.

"డాబా మీద తడిబట్టలు ఆరేసినప్పుడు తీగ ఎట్ల వంగుతదో చూసినవా? గట్ల ఒక గీత తియ్."

తీశాను.

"జర కిందికి. తడి బరువున్నది దాని మీద."

కిందికి లాగాను. అత్తమ్మ ఏమీ అనకముందే నాన్న స్టూలు ముందుకు జరుపుకుని, తెర వైపు వంగాడు.

"ఇంక జర" అన్నాడు.